ఒమాహాలో అచోల్ ఓటు

బెంటన్‌విల్ నుంచి ఉత్తరంగా

అమెరికా వచ్చిన మనవాళ్లు చూసి తీరాల్సిన ఊళ్లంటూ కొన్నున్నాయి. నయాగరా, గ్రాండ్ కాన్యన్, పిట్స్‌బర్గ్ గుడి. నెబ్రాస్కాలోని ఒమాహా వాటిలో లేదు. జనవరిలో అసలే లేదు. నేను వెళ్లొచ్చానంటే మా ఆఫీసులో ఒకాయన "అక్కడేముందండీ చూడ్డానికి?" అని అడిగాడు. మంచుంది, ఇంకా ఒక పోలింగ్ బూత్ ఉంది అన్నాను. ఆయన నా మొహంలోకి అదోలా చూసి మానిటర్ వైపు తిరిగిపోయాడు. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మాది తెనాలి. అప్పట్లో ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగం. నా రూమ్మేట్ స్వప్నది జగిత్యాల. 2011 జనవరి అది. తెలంగాణ మీద వేసిన కమిటీ ఆరు దారులున్నాయని ఇచ్చిన రిపోర్టు బయటికొచ్చి వారమైంది. ఆ వారమంతా మేమిద్దరం పప్పు, ఉప్పు, డిష్‌వాషర్ తప్ప ఇంకే సంగతీ ఎత్తలేదు. తనకి రాష్ట్రం రెండు కావాలి, నాకు ఒకటిగానే ఉండాలి. అపార్ట్‌మెంట్ మాత్రం ఇద్దరికీ ఒకటే, లీజు ఆగస్టు దాకా ఉంది.

అచోల్ మా ఆఫీసు కెఫెటీరియాలో సలాడ్ కౌంటర్ దగ్గర పనిచేసేది. దక్షిణ సూడాన్ మనిషి. అరవై దాటిన వయసు, ఆరడుగుల పొడుగు. వాళ్లవాళ్లు ఆమెని 'మామా అచోల్' అంటారు. మామా అంటే వాళ్లకి అమ్మ. నేనూ రెండు రోజులు అలాగే పిలవబోయాను గానీ, పిలిచిన ప్రతిసారీ మా మేనమామ మీసాలు కళ్లముందు ఆడేవి. ఇక లాభం లేదని మనవాళ్ల పద్ధతిలో ఆంటీలోకి దిగిపోయాను.

దక్షిణ సూడాన్ వాళ్లు తమకి వేరే దేశం కావాలని ఉత్తరాన రాజధాని ఖార్టూమ్‌లో ఉన్న ప్రభుత్వంతో దశాబ్దాలు యుద్ధం చేశారు. సంధి కుదిరాక, విడిపోవాలా కలిసుండాలా తేల్చుకోమని ఆ జనవరిలో వారం రోజుల ఓటింగ్ పెట్టారు. చెదిరిపోయిన వాళ్ల కోసం అమెరికాలోనూ కొన్ని ఊళ్లలో బూత్‌లు తెరిచారు. ఎక్కడ పేరు నమోదైతే అక్కడే ఓటు. చలికాలం మొదట్లో అచోల్ వాళ్ల చర్చి వ్యాన్‌లో వెళ్లి ఒమాహాలో నమోదు చేయించుకుంది. ఇప్పుడు ఓటుకి వెళ్లాల్సిన వ్యాన్ మంచు మూలంగా రెండుసార్లు ఆగిపోయింది. శనివారంతో గడువు సరి.

"నీ కారు మంచులో పోతుందా?" అని గురువారం నాడు నా గిన్నెలో బఠానీలు వేస్తూ అడిగింది.

పోతుందన్నాను. నా కారు గానీ నేను గానీ అంతవరకు మంచులో పది మైళ్లు పోయిన పాపాన పోలేదని మాత్రం చెప్పలేదు.

ఆ మాట ఇంట్లో చెబితే స్వప్న ల్యాప్‌టాప్ మూసేసింది. "నేను గూడ వస్త. దేశం కోసం ఓటేసుడు ఎట్లుంటదో జూడాలె," అంది. వారం తర్వాత తను నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అదే.

జాప్లిన్ దాటాక

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. అచోల్ దగ్గర మూడు సంచులు. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో తిండి. మూడోది ఒళ్లో పెట్టుకుంది. అందులో ఓటరు కార్డు ఒక కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో. పది మైళ్లకోసారి తడిమి చూసుకునేది.

మిస్సౌరీలో పెట్రోలు గ్యాలన్‌కి మూడు డాలర్ల లోపే దొరికింది. స్వప్నకి ఎంత సంతోషమంటే, ట్యాంకు నిండాక కూడా పంపు పట్టుకుని నిలబడింది. అక్కణ్ణుంచి లోకం తెల్లబడిపోయింది. చేలు, ఆకాశం, దూరంగా కంచెలు అన్నీ ఒకే రంగు. ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ మబ్బు మొదలైందో తెలియలేదు. కారు కదులుతున్నట్టే ఉండేది కాదు. ఎవరో నిద్రలో కంటున్న దారిలోకి మేం ముగ్గురం పొరపాటున వచ్చేశామనిపించింది. ఇలాంటి ఊహలు వచ్చినప్పుడు నేను కారు నడపకూడదని స్వప్న అభిప్రాయం. స్టీరింగు తను తీసుకుంది.

ఒక రెస్ట్ ఏరియాలో తిండి సంచులు విప్పాం. ప్రయాణమంటే పులిహోర, అది ఇక్కడా తప్పలేదు. అచోల్ కిస్రా తీసింది. జొన్నపిండి పులియబెట్టి పల్చగా పోసిన అట్టు అది, చేతిరుమాల్లా మడత పెట్టుకోవచ్చు. స్వప్న ఒక్క ముక్క తిని "అరె, మా జొన్నరొట్టెకి చెల్లె అయితది గదనే!" అంది. నేను నవ్వుతుండగానే నా వంతూ వచ్చింది. అచోల్ ఫ్లాస్కులోంచి ఎర్రటి టీ పోసింది. నోట్లో పోసుకోగానే నాలుక చివర ఆ పులుపు ఎక్కడిదో తెలిసిపోయింది. గోంగూర! ఆకు వదిలేసి కాయ చుట్టూ ఉండే ఎర్రటి తొడుగులు ఎండబెట్టి కాస్తారట. ఆకుతో పచ్చడి చేస్తామంటే ఆమె జాలిగా చూసింది. పువ్వు వదిలేసి గడ్డి తినే మనుషులం అనుకుని ఉంటుంది.

తర్వాత ఆవులు కనిపించాయి. మంచులో నల్లగా, కదలకుండా నిలబడున్నాయి. అచోల్ కారు ఆపమంది. హైవే మీద ఆపకూడదంటే, నెమ్మదిగా పొమ్మని అద్దం దించేసింది. గడ్డకట్టే చలి లోపలికి వచ్చింది. వాళ్ల భాషలో ఆవు రంగుకో పేరట, మచ్చల తీరుకో పేరట. ఒక్కో పేరే పైకి చెబుతూ పోయింది. ఆమె పెళ్లికి వాళ్ల నాన్నకి యాభై ఆవులిచ్చారని చెప్పినప్పుడు గొంతులో గర్వం వినిపించింది. "మా దగ్గర అమ్మాయి తరఫువాళ్లే ఇచ్చుకోవాలి ఆంటీ," అన్నాన్నేను. "అమ్మాయినీ ఇచ్చి, ఆవుల్నీ ఇస్తారా?" అని ఆమె చాలాసేపు నవ్వింది. ఆ ఆవులన్నీ యుద్ధంలో ఒక్క రాత్రిలో పోయాయనీ, ఆవులతో పాటు భర్తా తమ్ముడూ పోయారనీ ఆ నవ్వు వెనకాలే చెప్పింది. మాకు నవ్వు ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"మీ ఊళ్లోనూ విడిపోతారటగా?" అని అడిగింది కాసేపయ్యాక. "మీకు యుద్ధం ఎన్నేళ్లు?"

"యుద్ధం కాదు ఆంటీ. దేశం ఒకటే, రాష్ట్రం గొడవ. బంద్‌లు, టీవీలో అరుపులు, అంతే. ఎవరూ చచ్చిపోలేదు," అన్నాను.

స్వప్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే తెలుగులో అంది: "లేదా? మా చెల్లె క్లాసుల చదివే పిల్ల తెలంగాణ కోసమని పానం తీసుకున్నది మాధవీ. ఆ పిల్ల పేరు నీకు జెప్పాల్నా?"

నాకు తెలియదు. రెండేళ్లు ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని తిన్నాం, నాకీ సంగతి తెలియదు. సారీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకే వినిపించింది.

అచోల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వాళ్ల ఓటుకున్న నియమం చెప్పింది. పేరు నమోదైన వాళ్లలో నూటికి అరవైమంది వచ్చి ఓటేయాలి. లేకపోతే మొత్తం చెల్లదు. "పేరు రాయించుకుని రాకపోతే, విడిపోవద్దన్న వాళ్లకి సాయం చేసినట్టే. పేరు రాయించినప్పుడే నేను మాటిచ్చేశాను," అంది. కవర్లో కవరు మళ్లీ తడిమింది.

సెయింట్ జోసెఫ్‌లో ఆగిన సాయంత్రం

కాన్సస్ సిటీ దాటగానే మంచు మొదలైంది. ఒక ట్రక్కు రోడ్డు పక్కకి ఒరిగి పడుంది. మా ధైర్యమూ దాంతోపాటే పడింది. సెయింట్ జోసెఫ్ దగ్గర దిగి మోటెల్ వెతుక్కున్నాం. నలభై తొమ్మిది డాలర్లు, వేడి నీళ్లు ఖాయం. కౌంటర్ వెనక గుజరాతీ ఆవిడ మా ముగ్గుర్నీ చూసి "పెళ్లికా?" అని అడిగింది. "ఓటుకి," అన్నాం. ఏమర్థమైందో, లోపలికెళ్లి అల్లం టీ పట్టుకొచ్చింది.

మర్నాడు సంక్రాంతి. నా బ్యాగులో ఇండియన్ స్టోర్‌లో కొన్న గోరింటాకు కోన్ ఉంది. రెండు డాలర్లు, నల్లగా పండే రకం. అచోల్ దాన్ని చూసి తన రెండు చేతులూ నా ముందు పెట్టింది. అంత పెద్ద చేతులు, అంత పొడుగు వేళ్లు. అరచేతిలో చందమామ పెట్టాను, చుట్టూ చుక్కలు పెట్టాను, వేళ్లకి మొదటి కణుపు దాకా టోపీలు తొడిగాను. హీటర్ గుర్రుమంటోంది. కిటికీ అవతల మంచు సడి లేకుండా పడుతోంది. ఆమె కళ్లు మూసుకుని వాళ్ల భాషలో ఏదో పాట సన్నగా తీసింది. ఆ గది ఏ ఊళ్లోదో, ఏ దేశంలోదో కాసేపు నాకు గుర్తులేదు. అంత సుఖమైన సాయంత్రం అమెరికాలో నాకు మళ్లీ దొరకలేదు.

ఇక్కడ నా తెలివితేటల గురించి చెప్పాలి. మన ఎన్నికల్లో సిరా ఎడమ చూపుడు వేలికి పెడతారు కదా. పెద్ద ముందుచూపుతో ఆ వేలొక్కటి వదిలేశాను. తొమ్మిది వేళ్లకి టోపీలు, ఆ ఒక్కటీ బోసి. "అదేంది, గది వదిలిపెట్టినవ్?" అని స్వప్న అడిగితే కారణం చెప్పి నా భుజం నేనే చరుచుకున్నాను.

ఒమాహా

మర్నాడు దారి పొడవునా ముప్పై మైళ్ల వేగం దాటలేదు. మిస్సౌరీ నది దాటి ఒమాహాలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఒక పాత షాపుల సముదాయంలో ఖాళీ హాలు బూత్. మన బూత్‌ల దగ్గర వంద గజాల దాకా చప్పుడుండకూడదు, లాఠీ పట్టుకుని పోలీసుంటాడు. ఇక్కడ డప్పులు! ఆడవాళ్లు ఒక భుజం మీద ముడేసిన రంగుల గుడ్డల్ని మంచు కోట్ల మీదే కట్టుకున్నారు. నాలుక ఆడిస్తూ వాళ్లు తీసే కూతకి కార్ల మీది మంచు రాలుతుందేమో అనిపించింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ నా చేతిలో దాల్చినచెక్క టీ పెట్టి, నా బుగ్గ నొక్కి వెళ్లిపోయింది. డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. ఓటేసి బయటికొచ్చిన ప్రతివాళ్లూ ఊదారంగు వేలు పైకెత్తి చూపిస్తున్నారు.

అది కుడి చూపుడు వేలు. సీసాలో మొదటి కణుపు దాకా ముంచిన వేలు.

అప్పటికే అచోల్ తలుపు దగ్గర టేబుల్ ముందు నిలబడి కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తీసింది. టేబుల్ దగ్గర కూర్చున్న కళ్లద్దాల ఆయన ఆ వేళ్లని చూశాడు. నల్లగా పండాయి, సరిగ్గా మొదటి కణుపు దాకా.

"అమ్మా, నువ్వు ఓటేసేశావు," అన్నాడు.

లేదంది. కార్డు చూపించింది. ఆయన ఇంకో ఇద్దర్ని పిలిచాడు. వాళ్లు వేలు పట్టుకుని వాసన చూశారు. ఒక ముసలాయన "ఖార్టూమ్ ఆడవాళ్ల సింగారం ఇవాళే కావాల్సొచ్చిందా?" అని విసుక్కున్నాడు. నేను అడ్డం వెళ్లి, పెట్టింది నేనూ, ఇది మా పండగ అలవాటూ అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. కళ్లద్దాల ఆయన మర్యాదగానే విన్నాడు. పుస్తకంలో ఆమె పేరుకెదురుగా వేలిముద్ర లేదని కూడా చూశాడు. కానీ సిరా గుర్తు స్పష్టంగా కనబడని వేలితో పంపితే పరిశీలకులు ఒప్పుకోరు, ఆ ఒక్క ఓటుతో ఈ హాలు ఓట్లన్నిటి మీదా మాటొస్తుంది అన్నాడు. వేలు శుభ్రం చేసుకుని రమ్మన్నాడు. ఐదింటికి తలుపులు మూసేస్తారు.

గోరింటాకు పోవడమా! వారం పది రోజుల మాట. వాష్‌రూమ్‌లో సబ్బు, పక్క షాపులో కొన్న టూత్‌పేస్టు, నిమ్మకాయ అన్నీ అయ్యాయి. అచోల్ కాగితపు తువ్వాలుతో వేలిని తోముతూనే ఉంది. గోరు పక్కన చర్మం లేచి నెత్తురు చిమ్మింది. ఆపమన్నా ఆపలేదు. నాలుగు దాటింది.

స్వప్న నన్ను బయటికి లాగింది. "ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. కావాలనే పెట్టినవా?"

ఎవరైనా అడగొచ్చు, రెండేళ్లుగా నా జడ వేసిన మనిషి అడగడమా? "నువ్వు నన్ను అంతే అనుకున్నావా?" అని గట్టిగా ఏడ్చేశాను. టీ ఇచ్చిన ఆవిడ కంగారుగా చూసింది. స్వప్న నా భుజం పట్టుకుంది. "తప్పయింది. నోరు జారిన. ఏడ్వకు," అని నా కన్నీళ్లు తన స్కార్ఫ్‌తో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, "ఎడమ చెయ్యి!" అంది.

మేం లోపలికి పరిగెత్తి చెబితే కళ్లద్దాల ఆయన ఆలోచించాడు. మిగతా ఇద్దరితో మాట్లాడాడు. రిజిస్టర్‌లో కారణం రాసి, ఎడమ చూపుడు వేలు ముంచడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది అచోల్.

"ఎడమ చేత్తో నేను ఎవరికీ నీళ్లు కూడా ఇవ్వను. దేశాన్ని ఎడమ చేత్తో తీసుకోనా?" అంది. నెత్తురు కారుతున్న వేలిని గుప్పిట్లో దాచుకుంది.

నాకు ఆ మాట అర్థం చేసుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మా అమ్మ ఎడమ చేత్తో చిల్లర ఇచ్చినా తీసుకోదు. స్వప్న ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"ఆంటీ, సిరా వాళ్ల కోసం, మీరు వచ్చిపోయారని తెలియడానికి. అది ఏ చేతికంటినా ఒకటే. లోపల కాగితం మీద వేసే వేలిముద్ర మీది. అది కుడి బొటనవేలితోనే వెయ్యండి. దేశాన్ని దాంతో తీసుకోండి."

అచోల్ గోడ మీది గడియారం వైపు చూసింది. తర్వాత స్వప్న తల మీద చెయ్యి పెట్టి లేచింది. ఓటేయడానికి మరుగ్గా నిలబెట్టిన అట్టపెట్టె వెనక్కి ఆమె వెళ్లేసరికి ఐదుకి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. మిగతా అందరూ అరనిమిషంలో ఇవతలికి వచ్చేస్తున్నారు. ఈమె రాలేదు. ఐదు నిమిషాలయింది, ఎనిమిదయింది. కళ్లద్దాల ఆయన రెండుసార్లు దగ్గాడు. చివరికి వచ్చి, కాగితం పెట్టెలో వేసి, ఎడమ వేలు సీసాలో ముంచింది. హాలంతా ఒక్కసారి కూత పెట్టింది. ఆమె మాత్రం వేలు పైకెత్తలేదు. కోటు వేసుకుని మా కోసం చూసింది.

తిరుగు దారి

ఊరు దాటాం. మంచు ఆగింది. దీపాల వెలుగు పడ్డంత మేర రోడ్డు, మిగతాదంతా బూడిదరంగు మెత్తదనం. ఉండబట్టలేక స్వప్నే అడిగింది.

"అంతసేపు ఎందుకయింది ఆంటీ? ఒక్క ముద్రే కదా?"

"కాగితం మీద రెండు బొమ్మలున్నాయి," అంది అచోల్. "పైకెత్తిన ఒంటి చెయ్యి విడిపోవడానికి. పట్టుకున్న రెండు చేతులు కలిసుండటానికి. నేను ఒంటి చేతి కోసమే వచ్చాను. మా ఆయన దానికోసమే పోయాడు. కానీ ఆ రెండు చేతుల బొమ్మలో ఒక చెయ్యి నాకు తెలిసిన చెయ్యి."

యుద్ధం మొదట్లో ప్రాణాలు అరచేత పెట్టుకుని ఖార్టూమ్ చేరితే, ఉత్తరాదివాళ్లంతా పనిమనిషిని చూసినట్టు చూశారట. పక్కింటి ఆవిడ ఒక్కతే ఇంట్లోకి పిలిచింది. ఆవిడ పేరు హవ్వా. అచోల్ కూతురు జ్వరంతో పడుంటే పదకొండు రోజులు తన మంచం మీద పడుకోబెట్టుకుంది. ఆ పిల్ల కోలుకున్న రోజున హవ్వా అచోల్‌ని కూర్చోబెట్టి రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది.

"అంతకుముందు నాకెవరూ పెట్టలేదు. తర్వాత నిన్ననే," అంది నా వైపు తిరిగి. "అందుకే లోపల అంతసేపు పట్టింది. ముందు ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తర్వాతే ఒంటి చేతి మీద వేలు పెట్టాను."

నాకు రోడ్డు మసకబారింది. స్వప్న వెనక సీట్లోంచి మెల్లగా అడిగింది.

"ఇప్పుడావిడ ఎక్కడుంది?"

"అక్కడే. ఆవిడ నమాజు చేసే మనిషి, అయినా ప్రతి క్రిస్మస్‌కీ నాకు ఫోన్ చేస్తుంది. ఈ ఏడూ చేస్తుంది. అప్పటికి మేం రెండు దేశాల వాళ్లం అయిపోతాం."

"ఎత్తుతారా ఆంటీ?"

"ఎత్తుతాను," అంది అచోల్. "ఎత్తి, ఆవిడ అడక్కముందే చెప్తాను, నేను ఏ బొమ్మ మీద వేలు పెట్టానో."